పాటలు అయిపోయాక పాడిన పాట

ఉజ్జీవ కూటాలకు వెళ్లే అలవాటున్న వారందరికీ ఈ దృశ్యం తెలిసిందే. పందిరి వేశారు, ట్యూబులైట్లు కట్టారు, చాపలు పరిచారు. చుట్టుపక్కల నాలుగు ఊళ్ల నుంచి జనం ట్రాక్టర్ల మీద వచ్చి కూర్చున్నారు. వాక్యం చెప్పవలసిన దైవజనుడు మాత్రం రాలేదు. ఎక్కిన బస్సు దారిలో ఆగిపోయిందని కబురు. పాస్టరుగారు వాచీ వంక చూసుకుని, ముందు వరుసలో ఉన్న సండేస్కూలు టీచరుగారిని పిలిచి, "అమ్మా, వారు వచ్చేదాకా రెండు పాటలు పాడించండి" అంటారు. రెండు నాలుగవుతాయి, నాలుగు ఏడవుతాయి. ఆమెకు తెలిసిన పాటలన్నీ అయిపోతాయి. అప్పుడామె కళ్లు మూసుకుని, ఎప్పుడో చిన్నతనంలో అమ్మమ్మ ఒళ్లో కూర్చుని నేర్చుకున్న పాత కీర్తన ఒకటి ఎత్తుకుంటుంది. చేతిలో పుస్తకం లేదు. హార్మోనియం వాయించే అబ్బాయికి శ్రుతి కూడా అందలేదు. అయినా ఆ రాత్రి ఇంటికి వెళ్లేవారి నోట మిగిలేది ఆ పాటే.

1969 ఆగస్టు 15వ తేదీ సాయంకాలం, అమెరికాలో ఒక పాల రైతు పొలంలో దాదాపు ఇలాంటిదే జరిగింది. పాడినవారు రిచీ హేవెన్స్ అనే 28 ఏళ్ల నల్లజాతి గాయకుడు. అది ఉజ్జీవ కూటం కాదు, దానికి బహుదూరం. అక్కడ జరిగినవాటిలో మన పిల్లలకు చూపించదగనివి చాలా ఉన్నాయి, వాటిని దాచవలసిన పని లేదు. కాని ఆ మైదానంలో మొట్టమొదట జనం చెవిన పడిన గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో, పాటలు అయిపోయినప్పుడు దానికి ఏమి దొరికిందో మన కుటుంబాలు తెలుసుకోదగిన సంగతి.

న్యూయార్క్ నగరానికి వాయవ్య దిక్కున సుమారు నూరు మైళ్ల దూరంలో ఒక పల్లెటూరు ఉంది. దాని పేరు బెథెల్. యాకోబు రాయిని తలక్రింద పెట్టుకుని పడుకున్న బేతేలు పేరే అది. తొలినాళ్లలో అమెరికాకు వెళ్లి స్థిరపడినవారు తమ ఊళ్లకు ఇలా బైబిలు పేర్లు పెట్టుకునేవారు. అక్కడ మాక్స్ యాస్గర్ అనే యూదు రైతుకు పెద్ద పాడి ఉండేది. ఆ జిల్లాలో అందరికంటె ఎక్కువ పాలు పోసేది ఆయనే. ఆ వేసవిలో నలుగురు యువకులు ఆయన దగ్గరకు వచ్చి, మూడు రోజులు సంగీత ఉత్సవం జరుపుకుంటాము, పొలం అద్దెకు ఇవ్వమని అడిగారు. అంతకు ముందు మరో ఊరిలో ఏర్పాటు చేసుకుంటే, అక్కడి పెద్దలు జూలై నడిమిలో కుదరదని పంపించివేశారు. ఉత్సవానికి నెల రోజులే మిగిలింది. టిక్కెట్లు మాత్రం అప్పటికే అమ్ముడవుతున్నాయి.

యాస్గర్ పాత పద్ధతుల మనిషి. వియత్నాం యుద్ధాన్ని సమర్థించే రాజకీయ పక్షం ఆయనది. రాబోయే కుర్రవాళ్లు ఆ యుద్ధాన్ని వ్యతిరేకించేవారు, జుట్టు పెంచుకున్నవారు. అయినా పెద్దలకూ పిల్లలకూ నడుమ పెరిగిన దూరం కొంతైనా తగ్గుతుందేమోనన్నది ఆయన ఆలోచన. అద్దె డబ్బు అవసరమూ ఉంది. ఇరుగుపొరుగు ఊరుకోలేదు. ఆయన పాలు కొనవద్దని బోర్డు రాసి పెట్టారు. పల్లెలో ఒక రైతు మీద ఊరంతా అలిగితే ఎలా ఉంటుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆయన మాట వెనక్కు తీసుకోలేదు. తరువాత ఉత్సవానికి వచ్చిన పిల్లలకు కొందరు నీళ్లు అమ్ముకుంటున్నారని తెలిసి, తన కొట్టం దగ్గర నీళ్లు ఉచితమని రాయించి పెట్టారు.

నిర్వాహకులు ఊరి పెద్దలకు యాభై వేలమంది వస్తారని చెప్పారు. వచ్చినవారు నాలుగు లక్షలకు పైమాటేనని అంచనా. కంచె కట్టాలా, వేదిక కట్టాలా అన్న ప్రశ్న వచ్చినప్పుడు, ఉన్న కొద్దిరోజుల్లో రెండూ సాధ్యం కాక వేదికే కట్టుకున్నారు. కంచె లేదు కనుక టిక్కెట్టు అడిగే వీలు లేదు. కార్లు మైళ్ల కొద్దీ నిలిచిపోయాయి. జనం వాటిని దారిలోనే వదిలి, దుప్పట్లు భుజాన వేసుకుని నడిచి వచ్చారు. గిన్నె అంచులాగా వంగిన పచ్చగడ్డి వాలు, దాని అడుగున చెక్క వేదిక, వెనక చెరువు. ఆ వాలు అంతా మనుషులే.

శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలకు పాట మొదలవ్వాలి. మొదట పాడవలసిన బృందం రాలేదు. వారి వాయిద్యాలు ఎక్కడో కార్ల వరుసలో చిక్కుకున్నాయి. వచ్చిన ఒకరిద్దరు గాయకులు ఇంత జనం ముందు తాము మొదట ఎక్కలేమన్నారు. గాయకులను హోటళ్ల నుంచి హెలికాప్టర్లలో తేవటం మొదలుపెట్టారు. అలా ముందుగా వచ్చి దిగినవారిలో రిచీ హేవెన్స్ ఒకరు.

ఆయన వంతు అయిదవది. నిర్వాహకుడు మైకేల్ లాంగ్ వచ్చి, మీరే మొదలుపెట్టాలన్నాడు. హేవెన్స్ ఒప్పుకోలేదు. తన బృందంలో తంబూరాలాగా అడుగు స్వరం పట్టి ఉంచే బేస్ గిటారు అతను ఇంకా రోడ్డు మీదనే ఉన్నాడు. పైగా గంట ఆలస్యమైన జనం ముందుకు మొదట ఎవరు వెళ్తే వారి మీద చేతికి అందినవన్నీ విసురుతారని ఆయన భయం. ఈ సంగతి తరువాతి కాలంలో ఆయనే నవ్వుతూ చెప్పుకునేవారు. లాంగ్ మళ్లీ మళ్లీ బ్రతిమాలాడు. చివరకు అయిదు గంటల ఏడు నిమిషాలకు హేవెన్స్ వేదిక ఎక్కారు. ఆ సమయానికి మన దేశంలో రాత్రి రెండున్నర దాటింది. ఇక్కడ జెండా వందనాలు, మిఠాయిలు అన్నీ ముగిసి అందరూ నిద్రపోతున్నారు.

ఆయనకు తోడు ఇద్దరే ఉన్నారు. ఒకరు రెండవ గిటారు, ఇంకొకరు చేతులతో వాయించే కాంగా అనే పొడుగాటి డప్పు. ఆయన ఒక ఎత్తయిన బల్ల మీద కూర్చుని, గిటారు ఒళ్లో పెట్టుకుని మొదలుపెట్టారు.

ఇక్కడ కాస్త ఆగి ఆయన ఎవరో చెప్పుకోవాలి.

రిచీ హేవెన్స్ 1941 జనవరి 21న న్యూయార్క్ లోని బ్రూక్లిన్ లో పుట్టారు. తొమ్మిదిమంది పిల్లల్లో పెద్దవాడు. ఇంట్లో పెద్దపిల్లవాడంటే ఏమిటో పెద్ద కుటుంబాల్లో పెరిగినవారికి తెలుసు, సగం తండ్రి పని అతనిదే. నల్లవారు ఇరుకుగా ఉండే పేట అది. కుర్రవాళ్లు వీధి మలుపుల్లో నిలబడి, వాయిద్యం కొనుక్కునే స్తోమత లేక నోటితోనే తాళం, శ్రుతి కల్పించుకుని పాడేవారు. రిచీ అక్కడ పాడాడు. పదహారో ఏట ఒక సువార్త గాన బృందంలో చేరాడు. మన సంఘాల్లో యౌవనస్థుల క్వయర్ వంటిదే అనుకోండి. నల్లవారి ఆరాధనల్లో పాట అంటే నిలబడి పుస్తకం చూసి పాడటం కాదు. ఒకరు చరణం అందిస్తారు, సంఘమంతా బదులు పలుకుతుంది. పాట ఎంతసేపు సాగాలో ముందుగా ఎవరూ చెప్పరు. ఒకే మాటను ఇరవైసార్లు తిప్పి పాడినా ప్రతిసారి అది వేరుగా వినబడుతుంది.

ఇరవయ్యో ఏట రిచీ కళాకారులు గుమిగూడే గ్రెనిచ్ విలేజ్ అనే పేటకు వెళ్లాడు. మొదట వచ్చేపోయేవారి బొమ్మలు గీసి పొట్టపోసుకున్నాడు. గిటారు ఆ తరువాత సంగతి, పద్ధతి ప్రకారం నేర్చుకున్నదీ కాదు. తీగలన్నీ మీటినప్పుడు ఒక్క శ్రుతిలో కలిసి మ్రోగేటట్లు తనకు తోచిన విధంగా బిగించుకుని, పొడవాటి బొటనవేలిని గిటారు మెడ మీదుగా వేసి నొక్కేవారు. కుడిచేయి మాత్రం డప్పు వాయించినట్లే కొట్టేది. సంగీతం తెలిసినవారు మొదట ముఖం చిట్లించి ఉంటారు. ఆ లోపమే ఆయన గుర్తు అయింది.

ఆయన పాటలు ఏ విషయం మీద అంటే, అప్పటి అమెరికా ఏ విషయం మీద కుమిలిపోతున్నదో దాని మీదనే. 1969లో అయిదు లక్షలకు పైగా అమెరికా సైనికులు వియత్నాంలో ఉన్నారు. నల్లవారి సమాన హక్కుల కోసం పోరాడిన పాస్టరు మార్టిన్ లూథర్ కింగ్ గారిని అంతకు ముందటి ఏడు ఏప్రిల్ 4న మెంఫిస్ లో కాల్చి చంపారు. హేవెన్స్ ఒక నటుడితో కలిసి రాసిన 'హ్యాండ్సమ్ జానీ' అనే పాటలో, చక్కని కుర్రవాడొకడు ప్రతి తరంలోనూ ఏదో ఒక యుద్ధానికి నడిచిపోతుంటాడు. ఆ వరుసలో చివరికి బర్మింగ్‌హామ్ పేరు వస్తుంది. అది పరదేశంలో ఉన్న యుద్ధభూమి కాదు, అమెరికాలోని పట్టణమే. 1963లో అక్కడ ఊరేగింపుగా వెళ్లిన పిల్లల మీదకు పోలీసులు కుక్కలను వదిలారు. అదే ఏడు సెప్టెంబరులో ఒక ఆదివారం ఉదయం నల్లవారి బాప్టిస్టు చర్చిలో బాంబు పేలి, నలుగురు బాలికలు చనిపోయారు. ఆ పాటను కూడా హేవెన్స్ ఆ సాయంకాలం పాడారు.

ఎవరూ ఏమీ విసరలేదు. చప్పట్లు కొట్టారు. ఆయన అనుకున్న పాటలు పాడి వేదిక దిగబోయారు. తరువాత పాడేవారు రాలేదు, ఇంకో నాలుగు పాడమని వెనక్కు పంపారు. పాడారు. మళ్లీ దిగారు, మళ్లీ పంపారు. అలా ఎన్నిసార్లు తిప్పి పంపారో ఆయనకే లెక్క తప్పింది. చివరకు తెలిసిన పాటలు అయిపోయాయి.

ఇక పాడటానికి ఏమీ లేదు. ఎదుట కొండవాలు నిండా జనం. ఆయన ఏమి పాడాలో తెలియక ఊరికే గిటారు మీటటం మొదలుపెట్టారు. పక్కనున్న ఇద్దరికీ ఏమి రాబోతున్నదో తెలియదు, ఆయన చేతిని చూస్తూ అనుసరించారు. కొంతసేపటికి ఆయన నోట ఒకే ఒక మాట వచ్చింది: ఫ్రీడమ్. దాన్నే మళ్లీ మళ్లీ పలికారు. ఈ పిల్లలు వెతుక్కుంటున్న విడుదల ఇప్పటికే వీరి దగ్గర ఉన్నట్లు ఆ క్షణాన తోచిందని, అందుకే ఆ మాట వచ్చిందని తరువాత చెప్పారు.

ఆ ఆంగ్ల మాటను తెలుగులో ఏమనాలి? స్వాతంత్ర్యం అంటే జెండా, ఊరేగింపు గుర్తుకొస్తాయి. మన సంఘాల్లో వాడే 'విడుదల' అనే మాటే దానికి దగ్గరని నాకనిపిస్తుంది. స్త్రీల కూటంలో ప్రార్థన మనవులు అడిగినప్పుడు, త్రాగుడు నుంచి మా ఆయనకు విడుదల, షావుకారు అప్పు నుంచి మాకు విడుదల అని తల్లులు లేచి చెబుతారే, అందులో ఉన్న బరువు ఆ మాటలో ఉంది.

కాని ఒక్క మాట మీద పాట ఎంతసేపు నిలబడుతుంది? దాని వెనుక ఇంకేదో రావాలి. వచ్చింది ఆయన రాసినది కాదు, ఆ కాలపు పాటా కాదు. 'మదర్‌లెస్ చైల్డ్', అంటే తల్లిలేని బిడ్డ. నూరేళ్లకు పైబడిన పాట. దాన్ని కట్టినవారి పేరు ఎవరికీ తెలియదు, బానిసలు కట్టినది.

ఆ పాట ఎలాంటి ఇళ్లలో పుట్టిందో చెప్పుకుంటే గాని దాని బరువు తెలియదు. అమెరికాలో బానిసలకు పుట్టిన బిడ్డ యజమాని ఆస్తి. అప్పుల్లో పడితే దూడను అమ్మినట్లు ఆ బిడ్డను అమ్ముకోవచ్చు. 1790 నుంచి 1860 వరకు పై ప్రాంతాల నుంచి దక్షిణాదిలోని ప్రత్తి పొలాలకు తరలించబడిన బానిసలు సుమారు పది లక్షలమంది ఉంటారని చరిత్రకారుల అంచనా. తల్లి ఒక చోట, బిడ్డ ఒక చోట. ఉత్తరం రాయటానికి చదువు లేదు; చాలా రాష్ట్రాల్లో బానిసకు చదువు చెప్పటమే నేరం. వారికి మిగిలినవి పాట, ప్రార్థన. అవీ యజమాని వినకూడదు. రాత్రి అడవిలోనో గుడిసెలోనో కూడినప్పుడు, శబ్దం బయటకు పోకుండా పట్టుకుంటుందని వాకిట్లో పెద్ద ఇనుప కుండ బోర్లించి పెట్టుకునేవారట. ముసలివారు ఈ సంగతి తమ మనవలకు చెప్పగా రాసుకున్నారు. కుండ శబ్దాన్ని పట్టుకుందో లేదో గాని పాటలు మాత్రం నిలిచాయి.

అవి లోకానికి తెలిసిన తీరు కూడా వినదగినదే. బానిసత్వం రద్దయిన తరువాత 1866లో నాష్‌విల్ పట్టణంలో విడుదల పొందినవారి పిల్లల కోసం మిషనెరీలు ఫిస్క్ అనే పాఠశాల పెట్టారు. అయిదేళ్లకే అది అప్పుల్లో మునిగి మూతబడే స్థితికి వచ్చింది. కోశాధికారి జార్జ్ వైట్ సంగీతం కూడా నేర్పేవారు. ఆయన తొమ్మిదిమంది విద్యార్థులను వెంటబెట్టుకుని, పాడి చందాలు పోగుచేద్దామని 1871 అక్టోబరు 6న బయలుదేరారు. వారిలో ఎక్కువమంది బానిసలుగా పుట్టినవారే. మొదట తెల్లవారికి నచ్చుతాయని వారి పాటలే నేర్చుకుని పాడారు. చందాలు అంతంతమాత్రం. అమ్మానాన్నల పాటలు పాడటానికి ఆ పిల్లలకు మనసొప్పలేదు. అవి బానిసతనపు రోజులను గుర్తుచేస్తాయి. పైగా తమ పెద్దలకు అవి పవిత్రం, పదిమందిలో పాడి డబ్బు అడిగేవి కావు. చివరకు అవే పాడారు. హాలులో జనం ఏడ్చారు. తరువాత అమెరికా అధ్యక్షుని ముందు, ఇంగ్లాండులో విక్టోరియా రాణి ముందు పాడారు. ఆ డబ్బుతో కట్టిన జూబిలీ హాలు నేటికీ ఫిస్క్ విశ్వవిద్యాలయంలో ఉంది. బృందానికి పెట్టుకున్న జూబిలీ అనే పేరు లేవీయకాండంలో బానిసలకు విడుదల చాటించే సునాద సంవత్సరమే.

ఆ తొమ్మిదిమందిలో పియానో వాయించిన అమ్మాయి ఎల్లా షెపర్డ్. ఆమె పసిబిడ్డగా ఉన్నప్పుడు, ఇక ఈ బ్రతుకు వద్దని తల్లి ఆమెను ఎత్తుకుని నదిలో పడటానికి వెళ్తుంటే, ఒక ముసలి బానిస స్త్రీ ఆపిందని ఎల్లా రాసుకున్నారు. తండ్రి డబ్బు కట్టి కూతురిని విడిపించుకున్నాడు. తల్లిని అమ్మటానికి మాత్రం యజమాని ఒప్పుకోలేదు, మిసిసిపీకి తీసుకుపోయారు. యుద్ధం ముగిశాక, పెరిగి పెద్దదైన ఎల్లా తల్లిని వెతికి పట్టుకుని తన ఇంటికి తెచ్చుకున్నారు. తల్లిలేని బిడ్డ పాటను ఆ బృందం పాడేటప్పుడు, పియానో దగ్గర కూర్చున్న ఆమెకు అది ఒట్టి పాట కాదు.

ఇదీ హేవెన్స్ కు ఆ సాయంకాలం అందిన పాట. ఆయన దాన్ని ఫ్రీడమ్ అన్న మాటకు జోడించారు. ఆ మధ్యలో కుర్రతనంలో పాడుకున్న ఒక సువార్త గీతపు ముక్క కూడా వచ్చి కలిసింది. ప్రార్థనను గుండెలో ఉన్న టెలిఫోనుతో పోల్చే పాట అది. ఏదీ ముందుగా కూర్చుకున్నది కాదు. వేళ్లు తీగలను కొడుతూనే ఉన్నాయి, చెప్పు వేసుకున్న పాదం చెక్క వేదికను తాళం తప్పకుండా దంచుతున్నది. ఆ ఉత్సవం మీద తీసిన డాక్యుమెంటరీ చిత్రానికి 1971లో ఆస్కారు బహుమతి వచ్చింది. అందులో చూస్తే ఆయన తొడుక్కున్న నారింజరంగు పొడుగు చొక్కా వీపంతా చెమటతో తడిసి అతుక్కుపోయి ఉంటుంది. చివరకు ఆయన బల్ల మీద నుంచి లేచి, గిటారు కొడుతూనే మైకుకు దూరంగా నడిచి వెళ్లిపోతారు.

ఆయన చెప్పుకున్న ప్రకారం, ఆయన బేస్ గిటారు వాయించే అతను కారు వదిలి మైళ్ల కొద్దీ నడిచి, సరిగ్గా పాట ముగిసే వేళకు వేదిక దగ్గరకు చేరాడు.

ఒక మాట చెప్పకపోతే న్యాయం కాదు. తాను దాదాపు మూడు గంటలు పాడానని హేవెన్స్ జీవితమంతా చెప్పారు, పుస్తకాల్లోనూ అలాగే రాశారు. తరువాత కొందరు ఆనాటి టేపులను వరుసగా పెట్టి లెక్కవేస్తే యాభై నిమిషాలకు అటూ ఇటూ తేలింది. ఆయన అబద్ధమాడారని నేను అనుకోను. ఏమి పాడాలో తెలియకుండా లక్షమంది ఎదుట కూర్చున్నవాడికి గడియారం వేరుగా తిరుగుతుంది. మన కూటంలో ఆ సండేస్కూలు టీచరుగారిని అడగండి, ఎంతసేపు పాడావమ్మా అని. ఇంకొక వింత కూడా ఉంది. ఆ పాటను మళ్లీ పాడమని జనం అడిగినప్పుడు ఆయనకు అది రాలేదు. ఆ రోజు తాను ఏమి పాడారో సినిమా చూసి నేర్చుకోవలసి వచ్చింది.

ఆయన దిగిన తరువాత తమిళ ప్రాంతంలో పుట్టిన స్వామి సచ్చిదానంద వేదిక మీద కూర్చుని ప్రసంగించారు. రాత్రి వాన మొదలైంది. మన పండిట్ రవిశంకర్ ఆ వానలోనే సితారు వాయించారు. బురదలో కూర్చున్న ఆ జనాన్ని చూస్తే మన దేశంలో మడుగులో పడుకునే గేదెలు గుర్తుకొచ్చాయని ఆయన తరువాత అన్నారు. సంగీతాన్ని అలా వినటం ఆయనకు నచ్చలేదు.

నచ్చనివారికి కారణాలున్నాయి. మత్తుమందులు బాహాటంగా నడిచాయి. సిగ్గు విడిచిన సంగతులు జరిగాయి. మత్తుమందు వలన ఒకరు చనిపోయారు. గడ్డి పొలంలో దుప్పటి సంచిలో నిద్రపోతున్న 17 ఏళ్ల కుర్రవాడి మీదుగా, తెలియక ట్రాక్టరు నడిపించటంతో అతడు చనిపోయాడు. ఆ ఇంటికి అది సంగీత ఉత్సవం కాదు.

అదే పొలంలో శనివారానికి తిండి అయిపోయింది. దగ్గరి మాంటిసెల్లో ఊరిలో యూదు స్త్రీల సమాజంవారు కూర్చుని రొట్టెలు కోసి, మధ్యలో మాంసం పెట్టి పొట్లాలు కట్టారు. వాటిని కాథలిక్ కన్యస్త్రీలు తీసుకువెళ్లి బురదలో ఉన్న పిల్లలకు పంచారు. ఆ పిల్లలు రావద్దని బోర్డులు పెట్టిన జిల్లా ఇదే. ఆదివారంనాడు యాస్గర్ వేదిక ఎక్కి, తాను రైతునని, ఇరవైమంది ముందు కూడా మాట్లాడటం రానివాడినని, అలాంటిది ఇంతమంది ముందు నిలబడ్డానని చెప్పుకున్నారు. మరుసటి ఏడు మళ్లీ పొలం అడిగితే, తాను తిరిగి పాడి చూసుకోవాలని పంపించివేశారు. 1973లో 53వ ఏట గుండెపోటుతో చనిపోయారు.

శుక్రవారం రాత్రి ఆఖరున పాడినవారు జోన్ బాయెజ్. క్వేకర్ల ఇంట పెరిగిన స్త్రీ, అప్పుడు ఆరునెలల గర్భిణి. సైన్యంలో చేరనన్నందుకు ఆమె భర్త జైలులో ఉన్నారు. అర్ధరాత్రి దాటాక, ఏ వాయిద్యమూ లేకుండా ఒట్టి గొంతుతో ఆమె ఎత్తుకున్నది కూడా బానిసల పాటే. ఏలీయాను తీసుకువెళ్లిన రథాన్ని తలపించే 'స్వింగ్ లో, స్వీట్ ఛారియట్'. ఆ రోజు మొదటి గాయకుడి ఆఖరి పాట, ఆఖరి గాయని పాడిన ఆ పాట, రెండూ కుండ బోర్లించి పాడుకున్నవారి దగ్గర నుంచే వచ్చాయి. నిర్వాహకులు అలా అనుకుని పెట్టినది కాదు.

హేవెన్స్ ఆ ఒక్క పాటతో లోకానికంతటికీ తెలిశారు. ఆ పేరుతో ఆయన చేసిన పనుల్లో నాకు నచ్చినది పిల్లల పని. 1970ల మధ్యలో న్యూయార్క్ లో మరికొందరితో కలిసి సముద్ర జీవుల గురించి పిల్లలకు చూపించి నేర్పే ఒక ప్రదర్శనశాల పెట్టారు. తరువాత 1990లో, పట్టణపు పిల్లలు తమ పేటలోని నీటినీ నేలనూ తామే చూసుకోవటం నేర్చుకునేందుకు ఒక సంస్థను ఏర్పరిచారు. 1993లో అధ్యక్షుడు క్లింటన్ ప్రమాణస్వీకార ఉత్సవంలో పాడారు. నలభై ఏళ్లకు పైగా ఊరూరా తిరిగారు, దాదాపు ప్రతి చోటా ఆ పాట అడిగేవారు. 2010లో మూత్రపిండాలకు శస్త్రచికిత్స జరిగింది, పూర్తిగా కోలుకోలేదు. 2012లో ఇక ప్రయాణాలు చేయలేనని ప్రకటించారు. 2013 ఏప్రిల్ 22న, 72వ ఏట గుండెపోటుతో కన్నుమూశారు.

బెథెల్ లోని ఆ గడ్డివాలును చెడగొట్టకుండా అలాగే ఉంచారు, పక్కన మ్యూజియం కట్టారు. ఆయన కోరిక ప్రకారం 2013 ఆగస్టు 18న ఒక చిన్న విమానంలో ఆయన అస్థికలు తెచ్చి, పొలం మీదుగా ఎగురుతూ ఆ గడ్డి మీద చల్లారు.